ప్రభు బల్ల, ఊరి పెళ్ళి: పడమటి కర్నూలు దళిత సంఘాలూ స్వలింగ సంబంధాల ప్రశ్నా

దళిత క్రైస్తవుల గురించి మనం రాసే రాతలు కొన్ని విషయాల చుట్టే తిరుగుతూ వచ్చాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్ళకి షెడ్యూల్డ్ కులాల హోదా లేకుండా చేసిన సంగతి, మన రాష్ట్రంలో బి.సి. 'సి'లో వేసి చేతులు దులుపుకున్న సంగతి, చర్చి లోపలి మాల మాదిగల తగాదా, రెడ్డి కాథలిక్కుల పెత్తనం. ఇవన్నీ రాయాల్సినవే, ఇంకా రాయాలి. అయితే సంఘంలో అందరికీ తెలిసి ఎవరూ రాయని సంగతి ఒకటుంది. ప్రతి గేరిలోనూ నడకని బట్టో మాటని బట్టో 'ఆడంగి' అనిపించుకునే పిల్లోడు ఒకడుంటాడు. పెళ్ళి మాటెత్తితే ముఖం తిప్పుకునే అమ్మాయి ఒకతె ఉంటుంది. ఆదివారం వాళ్ళు మన పక్కనే కూర్చుంటారు. సొదొమ గొమొర్రాల మీద ప్రసంగం వచ్చిన రోజు తల దించుకుంటారు.

స్వలింగ సంబంధాల మీద చర్చి వైఖరి ఇక్కడికి ఎట్లా వచ్చింది, దేన్ని పునాది చేసుకుంది, చివరికి ఎవరి పక్కన నిలబడింది అన్నది ఈ వ్యాసంలో చూస్తాం. మా పరిధి పడమటి కర్నూలు: ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, ఆస్పరి ప్రాంతం. అవసరమైన చోట ఒంగోలుకీ, ఢిల్లీకీ, లండనుకీ పోక తప్పదు, ఎందుకంటే ఈ వైఖరిలో సగం అక్కడ తయారైందే.

పదాల గురించి ఒక మాట. 'స్వలింగ సంపర్కం' అనేది పత్రికలూ కోర్టులూ మనకిచ్చిన మాట. అది మనిషిని పక్కనబెట్టి పడకని మాత్రమే చూస్తుంది. అందుకే మేము 'స్వలింగ సంబంధం' అని రాస్తున్నాం. గేరిలో వాడే మాటలు వేరు: ఆడంగి, కొజ్జా, తేడా. ఇవి తిట్లు. కానీ ఒకటి గమనించాలి, ఈ తిట్లు పడకని కాదు, నడకని చూస్తాయి. ఈ తేడా ముందు ముందు మనకి పనికొస్తుంది.

ఊరు చేసే పెళ్ళి

ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మర్నాడు జరిగే పిడకల సమరం గురించి వినని వాళ్ళు ఈ ప్రాంతంలో ఉండరు. వీరభద్రుడూ భద్రకాళీ ప్రేమించుకున్నారు. పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి వీరభద్రుడు జాప్యం చేశాడు. అమ్మవారి వర్గం వాళ్ళు పిడకలతో కొట్టాలని కాచుకున్నారు. ఊరు రెండుగా చీలి పిడకలు విసురుకుంటుంది, తలలు పగులుతాయి, ఆ తర్వాత దేవుడికీ దేవతకీ పెళ్ళి జరుగుతుంది. పత్రికల వాళ్ళు ఏటా వచ్చి ఫోటోలు తీసి 'వింత ఆచారం' అని రాసిపోతారు. మాకు వింతగా కనబడేది వేరే ఉంది. కారుమంచి నుంచి రెడ్డి వంశస్థుడు గుర్రమెక్కి వచ్చి పూజ చేసి పోతే తప్ప ఆ సమరం మొదలవదు. దేవుడి ప్రేమ కూడా దేవుడి సొంత వ్యవహారం కాదన్నమాట. దాన్ని ఊరు తేల్చాలి, ఊరు తేల్చడానికి ముందు రెడ్డి రావాలి.

పెళ్ళి అంటే మన పల్లెల్లో ఇదే. ఇద్దరి ఇష్టం కాదు, ఊరి కట్టు. కులం నిలబడేది స్వకుల వివాహం మీదనేనని, 'మిగిలిపోయిన' ఆడదాన్నీ మగవాణ్నీ ఏదో విధంగా కట్టడి చెయ్యకుండా కులం తలుపులు మూసుకోలేదని అంబేడ్కర్ 1916లోనే, కొలంబియాలో విద్యార్థిగా ఉన్నప్పుడే, విడమర్చి చెప్పాడు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం ఈ లెక్కలోంచే పుట్టాయన్నాడు. పెళ్ళికి ఒప్పుకోని మనిషి ఈ లెక్కలో ఇమడడు. అతణ్ని ఏం చెయ్యాలో ఊరికి తెలియాలి.

మన ప్రాంతంలో ఊరికి తెలిసిన మార్గం ఒకటుండేది, దేవతకి వదలడం. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు దాకా బళ్ళారి జిల్లాలోవి. ఆ బళ్ళారి జిల్లాలో పనిచేసిన ఫాసెట్ అనే పోలీసు అధికారి 1890ల తొలినాళ్ళలో బసివిల మీద ఒక వ్యాసం రాశాడు. దేవతకి అంకితమై మగవాళ్ళ హక్కులు పొందే స్త్రీలు అని పేరులోనే పెట్టాడు. మగబిడ్డ లేని ఇంట్లో ఆడపిల్లని బసివిగా వదిలితే ఆమె తండ్రి ఆస్తికి వారసురాలవుతుంది, తలకొరివి పెడుతుంది, ఆమె బిడ్డలు ఆమె తండ్రి ఇంటిపేరుతో పెరుగుతారు. ఆడమనిషి కొడుకవుతుంది. థర్‌స్టన్ సంకలనాల్లో ఇదే ప్రాంతపు బోయల్లో మగవాళ్ళని హులిగమ్మకి వదలడం, వాళ్ళు ఆడబట్టలు కట్టడం నమోదై ఉంది. ఎల్లమ్మ జోగప్పలు ఇవాళ్టికీ తుంగభద్ర ఇవతలా అవతలా తిరుగుతూనే ఉన్నారు.

ఇక్కడ కొందరు మిత్రులు తొందరపడతారు. చూశారా, మన గ్రామదేవతల సంస్కృతి ఎంత ఉదారమో, మిషనరీలొచ్చి పాడుచేశారు అంటారు. మేము ఒప్పుకోం. బసివిగా వదిలిన పిల్లల్లో మాదిగ, బోయ పిల్లలే ఎక్కువ. ఆమెకి తలకొరివి హక్కు దక్కింది నిజమే, ఆమె ఒంటి మీద ఊరి మోతుబరికి హక్కు దక్కిందీ నిజమే. జోగప్పకి జాతరలో దండం పెట్టిన చెయ్యే మర్నాడు వాణ్ని గడప బయట నిలబెట్టి బిచ్చం వేసింది. ఊరు వీళ్ళకిచ్చింది చోటు కాదు, అంచు. దళితులకి వెలివాడ కూడా ఊరి అంచే కదా. అంచున ఇల్లుందని సంతోషించిన దళితుడెవడూ లేడు.

మర్యాద వెల

బ్రిటిష్ వాళ్ళకి దత్త మండలాలు దక్కిన పదేళ్ళకి, 1810లో, లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ బళ్ళారి చేరాడు. ఆ సొసైటీయే 1822లో కడపలో, 1881లో గుత్తిలో పాదుకుంది. నంద్యాల వైపు ఆంగ్లికన్ ఎస్.పి.జి., కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు, వీళ్ళతో పాటు కాథలిక్కులు. మొదట్లో వాళ్ళ చూపు పై కులాల మీదే. మాలలూ మాదిగలూ తమంతట తాము గుంపులుగా కదిలి వచ్చాకనే మిషన్లకి జనం దొరికారు. 1876–78 కరువు బళ్ళారి, కర్నూలు జిల్లాల్ని ఊడ్చిపెట్టిన తర్వాత ఆ కదలిక వరదయింది.

ఈ సందర్భంలో ఒంగోలు సంగతి ఒకటి గుర్తు చెయ్యాలి. కర్నూలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనే అక్కడా ఉంది కాబట్టి ఇది మనకి పరాయి కథ కాదు. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొర దగ్గరికి మొదట్లో బ్రాహ్మల పిల్లలు బడికి వస్తుండేవాళ్ళు, వాళ్ళ పెద్దలు కూడా క్రైస్తవం వైపు మొగ్గుతున్నట్టు కనబడింది. అదే సమయంలో ఎర్రగుంట్ల పేరయ్య వెనక మాదిగలు బాప్తిస్మం కావాలని వచ్చారు. వాళ్ళని చేర్చుకుంటే మేం రాం అన్నారు పై కులాల వాళ్ళు. ఏం చెయ్యాలో తోచక క్లౌ బైబిల్ తెరిస్తే, లోకంలో నీచులైనవాళ్ళనీ తృణీకరించబడినవాళ్ళనీ దేవుడు ఏర్పరచుకున్నాడన్న పౌలు మాటలు కనబడ్డాయట. పక్క గదిలో ఆయన భార్యా వేరుగా అదే చోటు తెరిచిందట. కథలో మహిమ సంగతి ఎట్లా ఉన్నా నిర్ణయం మాత్రం చరిత్ర. మాదిగలు లోపలికి వచ్చారు, పై కులాల పిల్లలు బడి మానేశారు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు దళిత క్రైస్తవం ఆ ప్రశ్న మీద పుట్టింది: 'వాళ్ళు వస్తే మేం రాం' అన్నవాళ్ళ మాట వినాలా, వద్దా? పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, ఒకటో అధ్యాయంలో, ఆ మాటలున్నాయి. ఆ పత్రికే ఆరో అధ్యాయాన్ని ఇవాళ ఇంకొకళ్ళని ఆపడానికి తెరుస్తున్నారు. దాని సంగతికి వస్తాం.

లోపలికి వచ్చినవాళ్ళకి చర్చి అక్షరమిచ్చింది, బోర్డింగు బడి ఇచ్చింది, ఉపదేశి ఉద్యోగమిచ్చింది, ఆడవాళ్ళని బైబిల్ స్త్రీలుగా ఊరూరా తిప్పింది. వీటికి ఒక షరతు ఉండేది: మర్యాదగా బతకాలి. కల్లు మానాలి, చచ్చిన గొడ్డు మాంసం మానాలి, జాతరకి పోకూడదు, పిల్లని బసివిగా వదలకూడదు, చర్చిలో పెళ్ళి చేసుకుని ఒక్క భార్యతో కాపురం చెయ్యాలి. తప్పితే ప్రభు బల్ల నుంచి దూరం. ఈ క్రమశిక్షణని మేము తేలిగ్గా తీసెయ్యం. బసివి వ్యవస్థని అడ్డుకోవడానికి ప్రభుత్వం మద్రాసులో చట్టం తెచ్చింది 1947లో, ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో చట్టం తెచ్చింది 1988లో. అంతకు ఎంతో ముందే గేరిలో ఒక తల్లి 'నా బిడ్డని వదలను' అని ఊరి పెద్దలకి ఎదురుచెప్పడానికి చర్చి అండ దొరికింది. ఊరు ఎవరికైనా ఇచ్చుకోగల ఆడది కాదు, ఒకరి ఇల్లాలు అనిపించుకోవడం దళిత స్త్రీకి చిన్న సంగతి కాదు. 'మర్యాద' అనేది అగ్రకులాల వాళ్ళకి పుట్టుకతో వచ్చిన సొమ్ము, మనకి రక్తం కార్చి కొన్న సరుకు.

అట్లా కొన్న సరుకు కాబట్టే పోతుందేమోనన్న భయం ఎక్కువ. సంఘంలో ఎవడైనా ఆడనడక నడిస్తే పెద్దలకి ముందు గుర్తొచ్చేది లేవీయకాండం కాదు, జోగప్ప. ఏ జాతర నుంచి, ఏ గడప బయటి నుంచి మనం తప్పించుకొచ్చామో మళ్ళీ అక్కడికే తీసుకుపోతాడేమోనన్న భయం. వైఖరిలో వేదాంతం పాలు కొద్ది, ఈ భయం పాలు పెద్దది అని మా అభిప్రాయం. సంఘ పెద్దలు మొరటువాళ్ళు కాబట్టి ఇట్లా అంటారనుకునే పట్నం మిత్రులు ఈ చరిత్రని చూడాలి.

రెండో పాలు దొరలది. మెకాలే కమిషన్ 1837లో తయారుచేసిన శిక్షాస్మృతి ముసాయిదాలోనే 'ప్రకృతి విరుద్ధ' నేరాల ప్రస్తావన ఉంది. ఇది బహిరంగంగా చర్చించడానికి కూడా తగని విషయమని చెప్పి వివరణ లేకుండా దాటేశారు. 1860లో శిక్షాస్మృతి చట్టమైంది, 1862 నుంచి 377వ సెక్షన్ అమల్లోకి వచ్చింది. మెకాలే తండ్రి జాకరీ మెకాలే పేరున్న ఇవాంజెలికల్, బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పోరాడినవాడు. ఒకే ఇంట్లోంచి బానిసకి విడుదలా వచ్చింది, 377 కీ వచ్చింది. మన పల్లెలకి బైబిలూ ఈ చట్టమూ ఒకే దొరల చేతుల మీదుగా, ఇంచుమించు ఒకే కాలంలో అందాయి. ఏది ఏదో విడదీసి చూడాల్సిన పని అప్పుడు ఎవరికీ పడలేదు. నిజాం వైపు కూడా 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్లో ఎక్కించే చట్టం వచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో. వందేళ్ళు దాటాక.

తెలుగు బైబిల్లో రెండు మాటలు

పాస్టర్లు ఎక్కువగా చూపించేది కొరింథీయుల మొదటి పత్రిక ఆరో అధ్యాయం. అక్కడ దేవుని రాజ్యానికి వారసులు కానివాళ్ళ జాబితాలో గ్రీకులో రెండు మాటలున్నాయి. మొదటిదానికి అసలు అర్థం 'మెత్తనివాళ్ళు'. రెండోది పౌలుకి ముందు ఎవరూ వాడినట్టు కనబడని జంట పదం, దాని అర్థం మీద పండితులు ఇవాళ్టికీ కొట్లాడుకుంటున్నారు. ఇంగ్లీషు బైబిళ్ళలో 'హోమోసెక్సువల్' అన్న మాట మొదటిసారి పడింది 1946లో. మన పాత తెలుగు బైబిల్ మొదటిదాన్ని 'ఆడంగితనము' అంది, రెండోదాన్ని 'పురుష సంయోగులు' అంది.

ఇప్పుడు మొదట చెప్పిన తేడా గుర్తు తెచ్చుకోండి. 'పురుష సంయోగులు' అనే సంస్కృత సమాసం ఆస్పరి గేరిలో ఎవరికీ అంటదు. 'ఆడంగి' అన్న మాట సూటిగా పోయి ఒక పిల్లోడికి తగులుతుంది. వాడు ఎవరితోనూ పడుకుని ఉండకపోవచ్చు. చెయ్యి తిప్పి మాట్లాడాడు, అంతే. గ్రీకులో రోమా పట్నపు వ్యసనాల గురించో, డబ్బున్నవాళ్ళు బానిస పిల్లల్ని చెరపడం గురించో అన్న మాట మన దగ్గరికొచ్చేసరికి ఆడతనం మీద తిట్టు అయ్యింది. ఆడది కావడమే తక్కువ అనే మన పితృస్వామ్యం అనువాదంలో దర్జాగా కూర్చుంది. మాలోడివీ మాదిగోడివీ అన్న మాటల్ని తిట్లుగా మార్చిన భాష ఎట్లా పనిచేస్తుందో తెలిసినవాళ్ళం, ఈ మాట ఎట్లా పనిచేస్తుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

అదే తెలుగు బైబిల్లో ఇంకో మాట ఉంది: నపుంసకుడు. ధర్మశాస్త్రం ప్రకారం నపుంసకుడికి యెహోవా సమాజంలో చోటు లేదు. యెషయా ప్రవక్త దగ్గరికి వచ్చేసరికి కొడుకుల కంటే కూతుళ్ళ కంటే శ్రేష్ఠమైన పేరు వాళ్ళకిస్తానని దేవుడు మాటిస్తాడు. యేసు నపుంసకుల గురించి మాట్లాడినప్పుడు తిట్టుగా వాడలేదు. అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో ఐతియోపీయుడైన నపుంసకుడు రథం ఆపించి, ఇవిగో నీళ్ళు, నాకు బాప్తిస్మమివ్వడానికి ఆటంకమేమిటి అన్న అర్థంలో అడుగుతాడు. ఫిలిప్పు మారుమాట లేకుండా నీళ్ళలోకి దిగుతాడు. నల్లవాడు, పరదేశి, ధర్మశాస్త్రం గెంటేసినవాడు. ఒంగోలు మాదిగలు అడిగింది కూడా ఇదే ప్రశ్న. ఈ అధ్యాయం మీద మిషనరీ సేవ గురించి ప్రసంగాలు చాలా విన్నాం, ఆ మనిషి నపుంసకుడు కావడం గురించి విన్నది లేదు.

ఎవరి పక్కన నిలబడ్డాం

చాలాకాలం ఈ విషయం చాటుమాటు వ్యవహారంగానే సాగింది. బయటికి లాగింది ఎయిడ్స్. 1998లో రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది, 2000 తర్వాత స్వచ్ఛంద సంస్థలు బస్టాండ్లలో, లారీల అడ్డాల్లో పనిచెయ్యడం మొదలుపెట్టాయి. 'ఎం.ఎస్.ఎం.', 'కోతి' అనే మాటలు జాబితాల్లోకి ఎక్కాయి. సికింద్రాబాదులో కేంద్రమున్న కాథలిక్ ఆరోగ్య సంఘం లాంటివి ఎవరూ ముట్టుకోని రోగుల్ని చేరదీశాయి. ఆ సిస్టర్లకి దండం పెట్టాలి. అయితే మంచం పక్కన చర్చి ఒకటి మాట్లాడింది, పులిపీఠం మీద ఇంకోటి మాట్లాడింది. ఊరూరా పుట్టిన స్వతంత్ర సంఘాల స్వస్థత కూడికల్లో ఆడనడకకి కూడా దయ్యం పేరే పెట్టారు. ప్రార్థనకి లొంగకపోతే పెళ్ళి మందు. చేసెయ్యండి, అదే కుదురుకుంటుంది అంటారు. కుదురుకోనప్పుడు నలిగేది ఇంకో దళిత ఇంటి ఆడపిల్ల. ఆమె గొంతు ఈ చర్చల్లో ఎక్కడా వినపడదు.

2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు నాజ్ ఫౌండేషన్ కేసులో 377ని పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాలకి వర్తించకుండా కుదించింది. ఆ తీర్పు నిలబడింది అంబేడ్కర్ మాట మీద, రాజ్యాంగ నైతికత అన్న మాట మీద. దాని మీద సుప్రీంకోర్టుకి ఎక్కినవాళ్ళ వరస చూడండి. ఒక జ్యోతిష్కుడు, ముస్లిం పర్సనల్ లా బోర్డు, రాందేవ్ బాబా మనిషి, అపోస్టలిక్ చర్చెస్ అలయన్స్, ఉత్కళ్ క్రిస్టియన్ కౌన్సిల్, వీళ్ళతో పాటు క్రాంతికారీ మనువాదీ మోర్చా. పేరు మళ్ళీ చదవండి. మనుస్మృతిని తగలబెట్టిన అంబేడ్కర్ మాట ఆధారంగా వచ్చిన తీర్పుని కొట్టేయించడానికి మనువు పేరు పెట్టుకున్నవాళ్ళూ క్రీస్తు పేరు పెట్టుకున్నవాళ్ళూ ఒకే వైపు నిలబడ్డారు. 2013 డిసెంబరు 11న గెలిచారు కూడా. ఆ రోజు సంతోషించిన సంఘాల్లో ఎందరికి ఈ వరస తెలుసో మాకు అనుమానమే.

చర్చిలన్నీ ఒకే మాట అనలేదన్నదీ చెప్పాలి. ఆ తీర్పు తర్వాత కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేషియస్, స్వలింగ వివాహాన్ని ఒప్పుకోకపోయినా అటువంటి మనుషుల్ని నేరస్తులుగా చూడటం కాథలిక్ సంఘం వైఖరి కాదన్నాడు. నాగపూరు కేంద్రంగా ఉన్న జాతీయ క్రైస్తవ సంఘాల సమాఖ్య ఈ విషయం మీద చర్చలు పెట్టింది, లింగ, లైంగిక వైవిధ్యం కోసం ఒక వేదికే నడిపింది. ఇవన్నీ నాగపూరు, ముంబాయి, బెంగుళూరు దాకా వచ్చాయి. గుంతకల్లు దాటి మన ప్యాసింజరు బండి ఎక్కలేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తన మాట తనే మార్చుకుని ఇష్టపూర్వక సంబంధాల్ని నేరం కాదంది. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో 377 లాంటి సెక్షనే లేదు. దానివల్ల మగవాళ్ళ మీద జరిగే అత్యాచారానికి శిక్ష లేకుండా పోయింది, అది వేరే అన్యాయం.

'ఇదంతా పడమటి దేశాల రోగం' అనే వాదన మన ప్రసంగాల్లో ఎక్కువ. పడమటి నుంచి ఏ సంవత్సరంలో ఏం వచ్చిందో చూస్తే ఈ వాదన నిలవదు. చట్టం అక్కడినుంచే వచ్చింది, దోషమన్న బోధా అక్కడినుంచే వచ్చింది. 1998లో లాంబెత్‌లో ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులు 526 అనుకూల ఓట్లతో, 70 వ్యతిరేక ఓట్లతో స్వలింగ చర్య లేఖనానికి విరుద్ధమని తీర్మానించారు. అమెరికన్ బాప్టిస్టుల జనరల్ బోర్డు 1992లోనే అట్లాంటి తీర్మానం చేసింది. ఆ తర్వాత తల్లి సంఘాలు ఒక్కొక్కటీ మారాయి. గుంటూరు లూథరన్లకి మూలమైన అమెరికా లూథరన్ సంఘం 2009లో, లండన్ మిషన్ వారసుల్లో ఒకటైన యునైటెడ్ రిఫార్మ్‌డ్ చర్చి 2016లో, యునైటెడ్ మెథడిస్టులు 2024లో పాత నిషేధాల్ని సడలించారు. ఇంగ్లాండు చర్చి 2023 డిసెంబరులో స్వలింగ జంటలకి ఆశీర్వాద ప్రార్థన మొదలుపెట్టింది, అదే నెలలో పోప్ ఫ్రాన్సిస్ కూడా పెళ్ళి కాని రూపంలో ఆశీర్వాదానికి తలుపు తీశాడు. తాతలు కట్టించిన కోటలోంచి తాతలు బయటికి పోయారు, మనం కాపలా కాస్తున్నాం.

వాళ్ళు మారారు కాబట్టి మనమూ మారాలని మేము అనడం లేదు. దొర చెప్పాడు కాబట్టి పాపం, దొర చెప్పాడు కాబట్టి పాపం కాదు అనేది రెండు వైపులా బానిసత్వమే. ఈ తల్లి సంఘాలు తమ తీర్మానాల్లో ఎన్నిసార్లు కులం పేరెత్తాయో కూడా అడగాలి. మన జవాబు మన చరిత్రలోంచి రావాలి.

'ఇది మన సమస్య కాదు'

ఉద్యమంలోని కొందరు మిత్రులు ఈ మాట అంటారు. కారంచేడు, చుండూరు చూసిన మనకి ఇంగ్లీషు చదువుకున్న పై కులాల పిల్లల జెండాలెందుకు అంటారు. ఆ జెండాల వెనక కులం ఉందన్నది నిజం. 2015లో ఢిల్లీ ఊరేగింపులో దళిత యువత ఆ మాటే వాళ్ళ మొహం మీద చెప్పింది. కానీ అంబేడ్కర్ దీన్ని మన సమస్య కాదనుకోలేదు. 1934లో బొంబాయిలో ఆర్.డి. కర్వే తన 'సమాజ్ స్వాస్థ్య' పత్రికలో లైంగిక విషయాల మీద పాఠకుల ప్రశ్నలకి జవాబులిచ్చినందుకు అశ్లీలం కేసు పడితే, ఆయన తరఫున కోర్టులో నిలబడింది అంబేడ్కరే. అడిగిన ప్రశ్నల్లో స్వలింగ సంబంధాలవీ ఉన్నాయి. ప్రశ్న అడగడమే నేరమా అన్నది ఆయన వాదన సారం. కేసు ఓడిపోయింది.

పైగా పోలీసు చేతికి దొరికేదెవరు? గదులద్దెకి తీసుకోగలవాళ్ళు కాదు. బస్టాండులో, రైలు గేటు దగ్గర, సుగ్గికి గుంటూరు మిరప చేలకి పోయి గుడారాల్లో పడుకున్న కూలీల్లో ఉన్నవాళ్ళు. వాళ్ళు మన గేరి వాళ్ళే.

దళిత క్రైస్తవుడికి రెండు పేర్లతో బతకడం కొత్త కాదు. ఎమ్మార్వో ఆఫీసు కాగితంలో హిందువు, ఆదివారం క్రైస్తవుడు. పుట్టిన పేరు ఒకటి, బాప్తిస్మం పేరు ఒకటి. స్కాలర్‌షిప్పు కోసం, ఉద్యోగం కోసం దేవుణ్ని దాచుకోవాల్సిన బతుకు 1950 ఉత్తర్వు మనకిచ్చింది. ఎవరైనా చూస్తారేమోనని చర్చికి పోయే దారి మార్చుకున్న ఉద్యోగులు మనకి తెలుసు. దాచుకోవడం మనిషిని ఎట్లా తినేస్తుందో ఇంత బాగా తెలిసిన జనం ఇంకొకళ్ళు లేరు. అదే జనం తన బిడ్డని ఇంకో విషయం దాచుకోమంటోంది. కె. విల్సన్ 1982లో దళిత క్రైస్తవుల్ని రెండుసార్లు పరాయివాళ్ళైనవాళ్ళు అన్నాడు, ఊరూ దూరం పెట్టింది, చర్చీ దూరం పెట్టింది అని. మూడోసారి దూరం పెట్టే చెయ్యి మాత్రం మనది.

ఇంకో లెక్క కూడా చూడాలి. సొంత కులంలోనే సంబంధం వెతికి, కట్నం పుచ్చుకుని, చర్చిలో పెళ్ళి చేసుకున్నవాణ్ని ప్రభు బల్లకి దూరం పెట్టిన సంఘం మేము చూడలేదు. జాతర మానమన్న చర్చి, బసివిని మానమన్న చర్చి, కారుమంచి గుర్రానికి దండం పెట్టొద్దన్న చర్చి, స్వకుల వివాహాన్ని మాత్రం ఊరి దగ్గర్నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకుంది. అందరూ పెళ్ళి చేసుకోవాలి, లోపలే చేసుకోవాలి. చేసుకోని వాడు దోషి. ఇది బైబిలు చెప్పింది కాదు, పౌలు పెళ్ళి చేసుకోలేదు. యేసు చేసుకోలేదు. ఇది ఊరు చెప్పింది.

కుల బహిష్కారం విషయంలో చర్చి కదలగలిగింది, చాలా ఆలస్యంగానైనా. ఆదోని, ఎమ్మిగనూరు విచారణలున్న కర్నూలు మేత్రాసనానికి 2008లో బిషప్ అయిన పూల ఆంథోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యాడు, ఆ పదవికెక్కిన మొదటి దళితుడు. మిషనరీలు ఈ నేల మీద అడుగుపెట్టిన రెండు వందల ఏళ్ళ తర్వాత. పెళ్ళి కాని పిల్లల్ని అన్నేళ్ళు ఆగమనడం ఎట్లా?

ప్రతి సంఘంలోనూ మూడు పుస్తకాలుంటాయి: బాప్తిస్మాల పుస్తకం, పెళ్ళిళ్ళ పుస్తకం, భూస్థాపనల పుస్తకం. పెళ్ళిళ్ళ పుస్తకం 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద నడుస్తుంది. పాస్టరుకి దాని మీద సర్కారు లైసెన్సు కావాలి, 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేదు కాబట్టి అక్కడ అయ్యగారి చేతిలో ఏమీ లేదు. మిగతా రెండు పుస్తకాలకీ ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఒక జోగప్పకి బాప్తిస్మమివ్వాలన్నా, ఇంట్లోంచి వెళ్ళగొట్టిన పిల్లోడు బెంగుళూరులో చనిపోతే తెచ్చి సమాధుల దొడ్డిలో అమ్మ పక్కన పూడ్చాలన్నా, బతికుండగానే ప్రభు బల్ల దగ్గర పక్కకి జరిగి చోటివ్వాలన్నా, కోర్టునీ లాంబెత్‌నీ అడగక్కర్లేదు. సంఘ పెద్దలు ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.